వినుటయు, వినబడుటయు

తెలుగు భాషలో ‘వినుట’ యనియు ‘వినబడుట’ యనియు రెండు మాటలు కలవు. చూచుటకును కనబడుటకును ఎంత భేదమో వీనికిని అంత భేదము. వినుట మనుష్యుని ప్రయత్నము. వినబడుట శబ్దముయొక్క స్వభావము. వీధిలో పోవు బండి చప్పుడు అందరకును వినబడును; దానికై ఎవరును చెవి యొగ్గరు. పురాణకాలక్షేపము జరుగుచుండగా సభలోనున్న వారందరకును కథ వినబడును, వినువారు కొందరే. ప్రహ్లాదుడు తండ్రికి భక్తి తొమ్మిది విధములని చెప్పుచు శ్రవణమును మొదట నిలిపెనని శ్రీమద్భాగవత సప్తమ స్కంధము తెలుపుచున్నది. ఆ మొదటి మెట్టు వినుటయే కాని వినబడుట కాదు.

ఇది వ్యాకరణమునకు సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. కాని నేటి గృహస్థుని జీవితములో ఇది ధర్మవిచారముగా పరిణమించినది. అరచేతిలోని ఫోనును ఒక్కమారు తాకిన మాత్రమున లోకములోని గానమంతయు వినబడుచున్న ఈ కాలమున, వినుచున్నవారెందరు? ఏ శ్రమయు లేక లభించిన దానియెడ గ్రహించువానికి బాధ్యత యేమైన కలదా? ఈ ప్రశ్నను విచారించుటకు పాశ్చాత్యదేశములలో ఇటీవల కానవచ్చుచున్న ఒక వింత మిక్కిలి తోడ్పడును.

కాలము చెల్లినదని అటకల కెక్కింపబడిన రికార్డు అచ్చట మరల ఆదరణ పొందుచున్నది. అమెరికాలోని రికార్డు పరిశ్రమ సంఘమువారి లెక్కల ప్రకారము, 2020లో వినైలు రికార్డులపై వచ్చిన ధనము కాంపాక్టు డిస్కులపై వచ్చిన ధనమును మించెను. 1986 తరువాత ఇట్లు జరుగుట అదే ప్రథమము. 2022లో సంఖ్యయందును రికార్డులే మిన్నయయ్యెను. ఆ సంవత్సరము సుమారు 4 కోట్ల 10 లక్షల రికార్డులు, 3 కోట్ల 30 లక్షల డిస్కులు అమ్ముడు పోయెను. అదే దేశములో 2008లో మొదలైన ‘రికార్డు దుకాణముల దినము’ నాడు తెల్లవారకముందే యువతీయువకులు అంగళ్లముందు బారులు తీరుదురు. సంగీతముపై వచ్చు ఆదాయములో అయిదింట నాలుగు పాళ్లకు పైగా స్ట్రీమింగు వలననే వచ్చుచున్న దేశమున ఇది జరుగుచున్నది. అన్నియు చేతిలోనున్నవారే రెట్టింపు శ్రమకును, ధనవ్యయమునకును ఓర్చి ఒక నల్లని పళ్లెరమును ఏల కొనితెచ్చుకొనుచున్నారు?

ఆ పళ్లెరము కథ కొంత తెలిసికొనదగినది. 1877లో ఎడిసన్ తగరపురేకు చుట్టిన స్తంభికపై మానవకంఠమును నిలిపెను. 1887లో బెర్లినర్ బల్లపరుపు చక్రముపై ధ్వనిని చెక్కు మార్గమునకు పేటెంటు పొందెను. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అను నాతడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసెను. పాట ముగియగానే ఆమె తన పేరును తానే చెప్పుకొనుట ఆ రికార్డులలో నేటికిని వినవచ్చును. ఆనాటి రికార్డు లక్కతో చేయబడినది. మోదుగ, రేగు, కుసుమ వృక్షముల కొమ్మలపై చిన్నపురుగులు కట్టిన లక్క భరతభూమినుండి ఓడలలో పోయి, పాటను మోయు చక్రమై తిరిగివచ్చినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డు ఒక ముఖమున ఇంచుమించు మూడు నిమిషములే మ్రోగెడిది. గంటసేపు సాగవలసిన రాగమును విద్వాంసుడు ఆ మూడు నిమిషములకు కుదింపవలసి వచ్చెను. 1948లో అమెరికాలో ఎల్పీ రికార్డు వెలువడినది. ఇది వినైలుతో చేయబడి, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు, ఒక ముఖమున ఇరువది నిమిషములకు పైగా మ్రోగును.

తెలుగువారి ఇండ్లకు ఈ చక్రము చేసిన మేలు తక్కువది కాదు. ప్రతివాది భయంకరం అణ్ణన్ స్వామి 15వ శతాబ్దమున రచించిన శ్రీవేంకటేశ సుప్రభాతము, స్తోత్రము, ప్రపత్తి, మంగళాశాసనములతో కూడి డెబ్బది శ్లోకముల గ్రంథము. మూడు నిమిషముల రికార్డులో అది ఇమడదు. ఎల్పీ వచ్చిన తరువాత, 1963లో శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంఠమున అది రికార్డై వెలువడినది. తిరుమలకు పోలేనివారు, సంస్కృతము రానివారు, అక్షరజ్ఞానము లేనివారు సైతము విని విని ఆ శ్లోకములను కంఠస్థము చేసికొనిరి. ఇంట యంత్రము లేనివారు దేవాలయపు మైకునుండియో, పొరుగింటి వసారానుండియో వినిరి. వినుటవలననే విద్య కలుగుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక రికార్డు మరల ఏల వచ్చినదో చూతము. దానిని మెచ్చుకొనువారు సాధారణముగా చెప్పు కారణము నాదసౌందర్యము. ఆ ధ్వనిలో వెచ్చదనము, నిండుదనము కలవని వారందురు. అనుభవమును కాదనరాదు, కాని హేతువును పరీక్షింపవలెను. నాగటిచాలు వంటి సన్నని గాడిలో ముల్లు నడచునప్పుడు దుమ్మువలన చిటచిటలు కలుగును. ముల్లు అంచునుండి లోపలికి పోవుకొలది ఒక్కొక్క చుట్టున అది నడచు దూరము తగ్గుటచేత చివరిపాటలలో స్పష్టత కొంత సన్నగిల్లును. మంద్రధ్వనులను ఉన్నవి ఉన్నట్లు చెక్కినచో గాడి వెడల్పు మితిమీరును గనుక, వానిని తగ్గించి చెక్కి, మ్రోగించునప్పుడు యంత్రము మరల పెంచును. నిశ్శబ్దమునకును ఉచ్చధ్వనికిని నడుమనుండు అంతరము కాంపాక్టు డిస్కులోనే ఎక్కువ. అంతియే కాదు, 2022లో ఒక ప్రసిద్ధ అమెరికా సంస్థ రికార్డుల విషయమున ఒక సంగతి బయటపడినది. మూలపు టేపునుండి నేరుగా చెక్కబడినవని తలచి చెవికోసుకొన్న రసికులు అనేకులు కొన్ని సంవత్సరములుగా వినుచున్నది నడుమ డిజిటల్ రూపము పొందివచ్చిన ధ్వనినే. ఇన్నేండ్లును ఆ భేదము చెవికి తెలియలేదు. కావున నాదసౌందర్యమొక్కటే కారణమనుట నిలువదు.

అసలు కారణము వేరొకచోట కలదు. రికార్డు వినదలచినవాడు ముందుగా దానిని అట్టనుండి అంచులు పట్టి తీయవలెను. గాడులకు వేలు సోకనీయరాదు. దుమ్ము తుడిచి, చక్రముపై నుంచి, ముల్లును మెల్లగా దింపవలెను. ఒక పాట నచ్చకున్నను దానిని దాటిపోవుట సులభము కాదు. గాయకుడు కూర్చిన వరుసలోనే వినవలెను. ఇరువది నిమిషములకు లేచి ముఖము మార్చవలెను. జేబులో వేసికొని బజారుకు పోవుట కుదరదు. యంత్రమున్నచోటికే మనిషి రావలెను. ఇదియంతయు పరికించినచో పూజకు ముందు చేయు శుద్ధియు, ఆసనమును, సంకల్పమును జ్ఞప్తికి రాక మానవు. పాశ్చాత్యయువకుడు ఎరిగియో ఎరుగకయో ఒక నియమమును కొనుచున్నాడు. వస్తువు విధించిన నియమముచేత అతని మనస్సు ఇరువది నిమిషములు ఒకచోట నిలుచుచున్నది. అతనికి కలిగిన ఆనందము ఆ నిలుకడలోనిది.

శాస్త్రమునకు ఈ సంగతి క్రొత్త కాదు. చెవి తెరచియున్నను మనస్సు దానితో కూడనిదే జ్ఞానము కలుగదని నైయాయికుల సిద్ధాంతము. మనస్సు అణుప్రమాణము గలది గనుక ఒకే క్షణమున రెండింటిని గ్రహింపజాలదు. అనేక జ్ఞానములు ఒక్కమారుగా పుట్టకుండుటయే మనస్సు కలదనుటకు గుర్తు అని వారందురు. మనస్సు వేరొకచోట నుండుటచే వినలేదని లోకులు చెప్పుకొనుటను బృహదారణ్యకోపనిషత్తు కూడ ఎత్తి చూపుచున్నది. పాఠశాలలలో సంత చెప్పు పద్ధతి ఈ తత్త్వముపైననే నిలిచియున్నది. గురువు ఒకమారు చెప్పును. శిష్యుడు రెండుమార్లు అనవలెను. పరధ్యానమున నున్నవాని నోట తరువాతి మాట రాదు. వినెనో, వినబడినదో అచ్చటనే తేలిపోవును.

అయిన రికార్డు కొనుటయే శ్రవణమునకు మార్గమందమా? తొందరపడరాదు. అమెరికాలో పండ్రెండు నెలల కాలములో రికార్డులు కొన్నవారిలో సగము మందికి మాత్రమే వానిని మ్రోగించు యంత్రము కలదని లుమినేట్ అను గణాంకసంస్థ 2023లో ప్రకటించినది. తక్కిన సగము మందికి ఆ రికార్డు గోడపై బొమ్మ, అలమారలో సొత్తు, అభిమానమునకు గుర్తు. దీనిని చూచి నవ్వుట తగదు. భాగవతగ్రంథమును పట్టుబట్టలో చుట్టి పూజామందిరమున నుంచి, ఏండ్ల తరబడి ఒక్క పుట తెరువని ఇండ్లు ఇచ్చటను కలవు. నియమమునకై వచ్చిన వస్తువు సొత్తుగా మారినచో, చెవి ఎప్పటివలెనే ఆకలితో నుండును.

సొత్తు నిలిచినంతమాత్రమున నాదము నిలువదనుటకు తిరుమలలోనే గొప్ప నిదర్శనము కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు కుమారులైన పెద తిరుమలాచార్యుల పూనికచే రాగిరేకులపై చెక్కబడి, శ్రీవారి ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరుపబడినవి. 20వ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు శ్రమించి వానిని లోకమునకు అందించిరి. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు, రాగముల పేర్లును నిలిచినవి. కాని ఆచార్యులు పాడిన వరుసలు రేకులపై లేవు. అవి నోటినుండి చెవికి, చెవినుండి నోటికి నడువవలసినవి. వినువారి పరంపర తెగినచోట అవియును తెగినవి. కావుననే ఎన్నో పాటలకు విద్వాంసులు క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చినది. రాగిరేకుపై గీతయైనను, రికార్డుపై గాడియైనను, వినువానికై వేచియుండు మౌనమే. ఆ మౌనమును కొని దాచుకొనవచ్చును. గానము మాత్రము వినినవానికే దక్కును.

ఇచ్చట ఒక పూర్వపక్షము. “సులభముగా దొరకుటయే దోషమునకు మూలము గదా. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. ఫోనును విడిచి కష్టలభ్యమైన దానినే ఆశ్రయింపవలదా?” అని కొందరనవచ్చును. ఇది నిలువదు. శ్రీవైష్ణవసంప్రదాయమున సౌలభ్యము భగవంతుని కల్యాణగుణములలో నొకటి. అందనంత ఎత్తుననున్న పరమాత్మ అర్చామూర్తియై అందరకును అందుట ఆయన దయ. పిళ్లైలోకాచార్యులు శ్రీవచనభూషణమున ఈ విషయమునే నీటి పోలికతో నిరూపించిరి. దప్పిగొన్నవానికి అంతర్యామి భూమిలోపలి నీటివంటివాడు, పరస్వరూపము బ్రహ్మాండమును ఆవరించిన నీటివంటిది, వ్యూహము పాలసముద్రము, విభవావతారములు పొంగి పారిపోయిన యేరు, అర్చావతారము ఆ యేటిలో నిలిచిన మడుగు. మడుగు దగ్గరనుండుట దోషమా? కాదు. అయినను దగ్గరనున్నంతమాత్రమున దప్పి తీరదు. వంగి దోసిలి పట్టవలెను. ఆ వంగుటయే గ్రహించువాని ధర్మము.

ఫోనులోని గానమును ఇట్టి మడుగే. మంచముపట్టిన తల్లికి, చూపు తగ్గిన తాతకు, దూరదేశమున ఒంటరిగా నున్న కుమారునకు అది చేయు ఉపకారము ఇంతంత కాదు. శ్రవణపుణ్యము వెలగల రికార్డులోనే, దానిని మ్రోగించు యంత్రములోనే యున్నదనినచో, అది ధనవంతుల సొమ్మగును. అట్టిది ధర్మము కాజాలదు. రికార్డును వెదకుకొన్న యువకుని చూచి నేర్వవలసినది వస్తువును గూర్చి కాదు. బయటి వస్తువు బలవంతముగా విధించిన నియమమును మనస్సు తనంతట తాను స్వీకరింపవలెను. అప్పుడు ఏ యంత్రమైనను చాలును.

ఎన్నో ఇండ్లలో తెల్లవారుజామున సుప్రభాతము మ్రోగుచుండును. పెట్టినవారు స్నానమునకు పోవుదురు, పిల్లలు నిద్రింతురు, శ్లోకములు ఖాళీగదిలో గోడలకు వినబడుచుండును. దివ్యనామము ఎట్లు చెవినిబడినను మేలే యనుట నిజము. వంటపని చేయుచు వినెడి ఇల్లాలి భక్తిని తక్కువచేయుట పాపము. కాని వారమున ఒక్కదినమైనను ఇంటిల్లిపాదియు కూర్చుండి, మొదటి శ్లోకమునుండి మంగళాశాసనము వరకు వేరొక పని లేక వినినచో, ఏండ్ల తరబడి వినబడిన మాటల అర్థము ఆనాడు మొదటిసారిగా తెలియవచ్చును. పట్టుకాలము ఇరువది నిమిషములే. స్వామిని మేల్కొలుపు స్తోత్రమును పెట్టినవాడు తాను మేల్కొనియుండుట న్యాయము కదా!

పరీక్షిన్మహారాజునకు మిగిలినవి ఏడు దినములు. ఆయన ఆ ఏడు దినములను వినుటకే వినియోగించెను. శుకయోగి పలుకులు గంగాతీరమున చేరిన ఋషులందరకును వినబడినవి; శ్రవణభక్తికి ఉదాహరణముగా లోకము చెప్పుకొనునది ఆ రాజునే. ఎంత కాలము మిగిలియున్నదో ఆయనకు తెలియును, తక్కినవారికి తెలియదు. కాలము మితమైనదను మాట మాత్రము అందరకును సమానము. ముల్లు గాడిచివరకు చేరకముందే వినవలెను.