గోడ దాటిన పొగ

మాకు పంది హరాం. ఇందులో చర్చేమీ లేదు. ఖురాన్‌లో రెండో సూరాలో ఉంది, అయిదో సూరాలో ఉంది, ఇంకో రెండుచోట్లా ఉంది. నమాజు సరిగ్గా రాని దూదేకుల ముసలమ్మకీ అరబీ చదివిన మౌల్వీకీ ఈ ఒక్క విషయంలో తేడా రాదు. రోజా ఎగ్గొట్టేవాడు మాలో ఉన్నాడు. చాటుగా తాగేవాడున్నాడు. వడ్డీకి తిప్పేవాడూ ఉన్నాడు. పంది తినేవాడి కోసం మాత్రం మా పేటల్లో దీపం పెట్టి వెతకాలి. వడ్డీ కూడా హరామే కదా సాయిబూ అంటే నవ్వేసి ఊరుకుంటాం.

ఆ జంతువు పేరైనా నోట రానివ్వం. 'బద్ జానవర్' అంటాం. పేరెత్తితే నలభై రోజులు నాలుక పాక్ కాదని మా నానీలు భయపెట్టేవాళ్ళు. ఖురానే ఆ పేరు పలికింది కదా, మరి ఓదేవాళ్ళ నాలుకల మాటేంటని అడిగితే చెవి మెలిపెట్టేవాళ్ళు. తిట్టడానికి మాత్రం ఆ పేరు భేషుగ్గా పనికొస్తుంది. కోపమొస్తే కన్నకొడుకునే 'సువ్వర్' అనేస్తాం. తినొద్దన్న మాట మా దాకా వచ్చేసరికి అసహ్యం అయింది. అసహ్యం జంతువు దగ్గర ఆగదు. దాన్ని మేపేవాడి మీదికి పాకుతుంది.

పిట్టలవానిపాలెం వైపు పల్లెల్లో ఇళ్ళ మధ్య గోడ అంటే నడుమెత్తు గోడే. పందిని ఎండు తాటాకు మంట మీద వెంట్రుకలు కాల్చి, కత్తితో గీకి, తోలుతోనే ముక్కలు కొట్టడం పాత పద్ధతి. ఇప్పుడు చదువుకుని పట్నాల్లో కొలువులు చేసే పిల్లలు పండగలకొచ్చి కొత్త పద్ధతి తెచ్చారు. ఇనప పీపాని నిలువునా రెండుగా కోస్తారు. పైన ఇనప వల పరుస్తారు. బొగ్గులు బాగా కాలి బూడిద పట్టాక, మంట లేకుండా, మూతేసి గంటల తరబడి మగ్గబెడతారు. తోలు కింది కొవ్వు కరిగి బొట్టుబొట్టుగా నిప్పుల మీద పడుతుంది. ఆ పొగే ముక్కకి రుచి. ఆ పొగే గోడ దాటి మా వంటింట్లోకొస్తుంది.

"సాయిబు బాబాయ్, గాలి మీ వైపు తిరిగింది. ఏమీ అనుకోమాకండి" అంటాడు పక్కింటి ఎరుకల కుర్రాడు. "పర్లేదులే అబ్బాయ్" అంటాం. చూడ్డానికి ఇది మంచి ఇరుగుపొరుగు. అయితే తన పెరట్లో తన కూడు కాల్చుకుంటున్నవాడు ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? పర్లేదనే అధికారం మాకెవరిచ్చారు?

హరాం అనేది తినేవాడి మీద పెట్టిన కట్టుబాటు. ఆకలితో ప్రాణం పోయేవాడికి అందులోనూ సడలింపుంది. గాలిలో వచ్చిన వాసన ఎవరి దీన్‌నీ చెడగొట్టదు. వాసన గురించి మా హదీసుల్లో ఒక మాటుంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవాడు ఆ నోటితో మసీదుకి రావద్దని. గమనించండి, ఆ కట్టడి పెట్టింది మా నోటికి. పక్కవాడి పొయ్యికి కాదు.

మా పొగ సంగతీ చెప్పుకోవాలి. బక్రీదు నాడు తలకాయలూ కాళ్ళూ నిప్పుల మీద కాలుస్తాం. ఆ కాలిన బొచ్చు వాసన వీధి చివరిదాకా పోతుంది. ముక్కు మూసుకునే ఇళ్ళున్నాయి. పట్నంలో ఇల్లు అద్దెకడిగితే ముందు పేరడుగుతారు, తర్వాత ఏం తింటారని అడుగుతారు, తర్వాత ఇల్లు వేరేవాళ్ళకి మాటిచ్చామంటారు. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళం మేం. 2015 సెప్టెంబరులో దాద్రీ దగ్గర బిసాడా గ్రామంలో అఖ్లాక్‌ని ఇంట్లోంచి ఈడ్చి చంపింది గొడ్డుమాంసం ఉందన్న పుకారుతోనే. మా కుండలోకి ఎవడూ తొంగిచూడకూడదంటాం. న్యాయమే. ఆ న్యాయం ఎరుకలోడి పీపా దగ్గరికి రాగానే ఎందుకు సన్నగిల్లాలి?

ఎరుకలోళ్ళ కథ మాకు దూరపు కథ కాదు. బాపట్ల దాటి చీరాల వైపు పోతే స్టువర్టుపురం. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలోళ్ళని తెచ్చి అక్కడ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికప్పజెప్పింది తెల్లదొర. 1871 నాటి చట్టం 1952 దాకా నడిచింది. అమ్మ కడుపులోంచి పడగానే దొంగ. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానం మీద పట్టుకుపోయిన మా పిల్లలు, ఆనక నిర్దోషులుగా బయటపడ్డ పిల్లలు, ఆ మాట బరువెంతో చెప్పగలరు. వరాహావతారానికి దణ్ణం పెట్టే ఊరే పందుల కాపరిని ఊరవతల నిలబెట్టింది. దణ్ణం పెట్టని మేం ఆ విషయంలో ఊరితో ఏకమైపోయాం. అన్ని విషయాల్లోనూ మమ్మల్ని వేరంటారు గానీ, ఇక్కడ మాత్రం ప్రధాన స్రవంతిలోనే ఉన్నాం!

ఒకటి నిజం. అదే మాంసం ఆయుధం కూడా అవుతుంది. 1980 ఆగస్టులో మొరాదాబాద్ ఈద్గాలో పంది చొరబడిందన్న గొడవ పోలీసు కాల్పుల దాకా పోయింది. 2006లో ప్యారిస్‌లో తీవ్ర జాతీయవాదులు చలిలో ఉన్న దిక్కులేనివాళ్ళకి పందిమాంసం సూపు పోశారు, ముస్లిములూ యూదులూ తాగలేరని తెలిసే. మరుసటేడు జనవరిలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ పంపకం మీద పోలీసుల నిషేధాన్ని సమర్థించింది. ఆ గిన్నెలో ఉన్నది సూపు కాదు, వెలి. మసీదు మెట్ల మీద విసిరిన ముక్కా అంతే. మా ముక్కుకి వాసన ఒకటే కావచ్చు. విసిరే చెయ్యీ వండుకునే చెయ్యీ ఒకటి కాదు. ఈ తేడా చూడలేకపోతే ప్రతి పొగా మాకు దాడిలాగే కనిపిస్తుంది. అలా కనిపించాలని కోరుకునేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

2012 ఏప్రిల్లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేసి దెబ్బలు తిన్నప్పుడు మావాళ్ళు సంతోషించారు. అదే ఏడు ఢిల్లీ జె.ఎన్.యూ.లో పెద్దకూరతో పాటు పందిమాంసం కూడా పెడతామన్నారు. హైకోర్టు ఆపించింది. పెద్దకూర దగ్గర హక్కు అన్న నోరు, పందికూర దగ్గర మనోభావాలు అంటే చెల్లదు. మనోభావాల తక్కెడ పట్టుకుంటే అందులో మొదట తూగేది మేమే కాదు.

మంచం పట్టిన ముసలాయనకి పొగ పడక దగ్గొస్తుందంటే పీపా కాస్త అవతలికి జరపమని అడగొచ్చు. కట్టెల పొయ్యి పొగైనా అలాగే అడుగుతాం. అది ఊపిరితిత్తుల మాట, మజహబ్ మాట కాదు.

గిన్నెల సంగతి మిగిలింది. పంది వండుకునేవాళ్ళ గిన్నెలు వాడొచ్చా అని ప్రవక్తనే అడిగారు ఆ రోజుల్లో. వేరేవి దొరక్కపోతే కడుక్కుని వాడుకోమన్నారు. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే జవాబు దొరికిన ప్రశ్న ఇది. అయినా పక్కింటి కుర్రాడి పెళ్ళికి మా పేట నుంచి వెళ్ళినవాళ్ళు అక్షింతలు వేసి, ఒక్కో సోడా తాగి వచ్చేశారు. మా కోసమని ఆ ఇంటి ఇల్లాలు కొత్త కుండలో విడిగా పప్పు వండించి పెట్టింది. సాయంత్రం దాకా అది అలాగే ఉంది.