దుఃఖంలో ఉన్న మిత్రుని పక్కన ఒక రోజు

ఎవరి ఇంట్లోనైనా మరణం సంభవిస్తే మనం వెంటనే వెళతాం. జనాజా నమాజులో నిలబడతాం, ఖబరస్తాన్ దాకా నడుస్తాం, మూడు దోసిళ్ల మట్టి వేస్తాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి పెద్ద చేయి పట్టుకుని "సబ్ర్ చేయండి, అంతా అల్లాహ్ చిత్తం" అంటాం. ఇవన్నీ చేయవలసినవే. అయితే రెండు నెలలు గడిచి, అందరూ తమ తమ పనుల్లో పడిపోయాక ఆ మనిషి సంగతేమిటి? అప్పటికి మన దగ్గరున్న ఓదార్పు మాటలన్నీ అయిపోయి ఉంటాయి. మనమూ అతనికి ఎదురుపడడానికి కొంత జంకుతుంటాం. దుఃఖితునికి మనం బాకీ ఉన్నది మాటా, సమయమా అన్న ప్రశ్న సరిగ్గా అప్పుడే ఎదురవుతుంది.

మూడు రోజులకు మించి సంతాపం లేదు కదా అని కొందరంటారు. ఆ ఆదేశం బాహ్యంగా పాటించే సంతాపానికి సంబంధించినది. భర్తను కోల్పోయిన స్త్రీకి ఆ గడువు నాలుగు నెలల పది రోజులు. గుండెలోని బాధకు మాత్రం షరీఅత్ గడువు పెట్టలేదు. హజ్రత్ యాఖూబ్ (అలైహి) ఏళ్ల తరబడి కుమారుని కోసం కుమిలిపోయారు, కళ్లు తెల్లబడిపోయాయి. ఆయన సహనాన్ని దివ్య ఖుర్ఆన్ ఎక్కడా శంకించలేదు. ఆ ఇంట్లో తండ్రిని తప్పుబట్టింది కుమారులే. ఇలా యూసుఫ్‌ను తలచుకుంటూ నశించిపోతావా అని వారు ఆయన్ను అడిగారు. తండ్రి దుఃఖం వారికి భారమైపోయింది. నా బాధ నేను అల్లాహ్‌కే విన్నవించుకుంటున్నాను అన్నారాయన. నిజానికి మనం చెప్పే చాలా "సబ్ర్ చేయండి"లలో ఈ కుమారుల విసుగు కొంత దాగి ఉంటుంది. ఎదుటివాడి కన్నీళ్లు ఆగితే మనకు హాయి.

మరో సంఘటన చూడండి. ఒక స్త్రీ సమాధి దగ్గర ఏడుస్తోంది. దైవప్రవక్త (స) అటుగా వెళుతూ అల్లాహ్‌కు భయపడమని, సహనం వహించమని చెప్పారు. ఆమె ఆయన్ను గుర్తుపట్టలేదు. నాకు వచ్చిన కష్టం నీకు రాలేదు, వెళ్లిపో అన్నది. ఆయన వెళ్లిపోయారు. ఎన్ని జనాజాలు ఆ ఇంటి నుండి లేచాయో మనకు తెలుసు. హజ్రత్ ఫాతిమా (రజి) తప్ప ఆయన సంతానమంతా ఆయన జీవితకాలంలోనే కన్నుమూశారు. అంతటి బాధ అనుభవించిన వ్యక్తి ఆ క్షణంలో తన కష్టాన్ని ఆమె ముందు పెట్టి వాదించలేదు. తర్వాత ఆమె స్వయంగా వచ్చినప్పుడే, అసలైన సహనం తొలి దెబ్బ తగిలినప్పటిదేనని తెలియజేశారు. మాటకు సమయం ఉంటుంది. ఆ సమయం కోసం ఆగడం ఓదార్చేవాడు చేయవలసిన సబ్ర్.

మన జహీరాబాద్‌లో జరిగిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక దుకాణదారుని కొడుకు పందొమ్మిదేళ్ల కుర్రాడు, హైవే మీద మోటారు సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ తండ్రి నమాజు మానలేదు గాని, చివరి సఫ్‌లో నిలబడి సలాం తిప్పగానే వెళ్లిపోయేవాడు. పలకరింపులకు భయం. ఒకరోజు అతని చిన్ననాటి మిత్రుడు దుకాణానికి వచ్చి, "భాయ్, రేపు నారింజకు పోతున్న, గాలం వెయ్యనీకి. ఒక్కన్నే ఉన్న. నువ్వు రావాలె" అన్నాడు. గమనించండి, నిన్ను ఓదారుస్తానని అనలేదు, నాకు తోడు కావాలన్నాడు. సాయం పొందేవాడిగా పిలిస్తే రాని మనిషి, సాయం చేసేవాడిగా పిలిస్తే వచ్చాడు.

ఫజ్ర్ చదివి ఇద్దరూ కొత్తూరు (బి) దగ్గరి నారింజ ప్రాజెక్టుకు వెళ్లారు. నీళ్లున్న ఏడు కాబట్టి సరిపోయింది. (సింగూరు ఇంకా పెద్దది, 29.9 టిఎంసిల జలాశయం. కాని మంజీరలో మొసళ్లున్నాయి. దుఃఖంలో ఉన్నవాణ్ణి తీసుకుపోయేటప్పుడు ఇదీ చూసుకోవాలి.) మన చెరువుల్లో, జలాశయాల్లో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘాలది. వారు పెంచుకున్న చేపను అడగకుండా పట్టడం ఇతరుల సొమ్ము తీసుకోవడమే. ఆ మిత్రుడు ముందురోజే అడిగి వచ్చాడు.

గాలం వేసి కూర్చోవడంలో ఒక సౌకర్యం ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడనక్కరలేదు, ఇద్దరి చూపూ నీళ్ల మీదే. చేతికి పని ఉంటుంది. మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టరు, చేప బెదురుతుందన్న సాకు ఉండనే ఉంది. పరామర్శకు వచ్చినవారి ముందు చాప మీద కూర్చున్న మనిషికి ఈ స్వేచ్ఛ దొరకదు. అక్కడ అతడు ప్రతి వచ్చినవాడికీ అదే కథ మొదటి నుండి చెప్పాలి.

పొద్దెక్కే దాకా ఆ తండ్రి నోరు మెదపలేదు. తర్వాత ఒక్క మాట, "వాని ఫోన్‌కు ఇంకా చార్జింగ్ పెడుతున్న" అన్నాడు. మిత్రుడు జవాబు చెప్పలేదు, గాలానికి ఎర మార్చాడు. జుహ్ర్ వేళకు గట్టు మీద తువ్వాలు పరచి ఇద్దరూ జమాత్‌గా నమాజు చేశారు. ఆ తర్వాత తండ్రి, "నేను బండి కొనియ్యకపోతే..." అన్నాడు. ఈసారి మిత్రుడు మౌనంగా ఉండలేదు. "నువ్వు కొనిచ్చింది కాలేజీకి పోనీకి" అన్నాడు. అంతే.

ఈ రెంటికీ ఉన్న తేడా మనం గ్రహించాలి. మొదటిది దుఃఖం, దానికి జవాబు అక్కరలేదు. రెండవది తనను తాను నిందించుకోవడం. 'అలా చేసి ఉంటే, ఇలా చేయకుంటే' అన్న మాట షైతాన్ పనికి తలుపు తెరుస్తుందని హదీసులో హెచ్చరిక ఉంది. ఆ తలుపు తెరుచుకుంటున్నప్పుడు కూడా నోరు మూసుకుని కూర్చుంటే అది స్నేహం కాదు. అయితే అక్కడ కూడా ఉపన్యాసం పనికిరాదు. నిజమైన మాట ఒక్కటి చాలు.

కొడుకు పోయి రెండు నెలలు కాలేదు, చేపలు పట్టే వినోదమేమిటని ఒకరిద్దరు ఆక్షేపించారట. నీటి వేట ధర్మసమ్మతమని ఖుర్ఆన్ (5:96) స్పష్టం చేసింది. తినడానికి పట్టిన చేప ఆహారం. తినే ఉద్దేశం లేకుండా సరదా కోసం జీవిని గుచ్చి హింసించడం వేరు, దాన్ని మనమూ సమర్థించం. ఇక మనసు తేలికపడడం నేరమా? అబూ ఉమైర్ అనే పిల్లవాడి పెంపుడు పిట్ట చనిపోతే దైవప్రవక్త (స) అతణ్ణి దాని పేరుతో సరదాగా పలకరించారు. పిట్ట కోసం బెంగపడిన పసివాడికి అంత ఆదరణ ఉన్నప్పుడు, బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి నీటి గట్టున ఒక పగలు ఎక్కువేమీ కాదు.

మనకు ఎక్కువ చింత కలిగించే విషయం మరొకటుంది. ఆ ఇంట్లో తల్లి కూడా ఉన్నది. మగవాడికి గట్టు ఉంది, గాలం ఉంది, మిత్రుడున్నాడు. ఆమెకు వంటగది మిగిలింది. చేపలు తెచ్చి ఆమె ముందు పడేసి తోమమనడం ఓదార్పు కాదు, అదనపు చాకిరీ. హిజ్రీ 8వ ఏట (క్రీ.శ. 629) మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు దైవప్రవక్త (స) ఆయన కుటుంబం కోసం భోజనం తయారు చేయమని ఇతరులకు చెప్పారు, వారు తమ కష్టంలో తాము ఉన్నారని. కాబట్టి చేపలు గట్టు దగ్గరే శుభ్రం చేసుకుని, మన ఇంట్లో వండించి, మన ఇంటి స్త్రీలే గిన్నె పట్టుకుని వెళ్లాలి. గిన్నె ఇచ్చి గుమ్మం నుంచే తిరిగి రాకూడదు. ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్కన కూర్చుని వెల్లుల్లి పొట్టు తీయవచ్చు, బియ్యంలో రాళ్లు ఏరవచ్చు. కొడుకు మాట ఆమె ఎత్తితే వినాలి, ఎత్తకపోతే బియ్యం ఏరుతూ ఉండాలి. గిన్నె ఆ రోజే తిరిగి ఇమ్మని అడగవద్దు. దాని కోసం మళ్లీ వారం వెళ్లవచ్చు.