మాట నేర్పిన ఋణము

గత సంక్రాంతికి హొసూరు దాపున నున్న మా పెద్దమ్మగారి యూరికి పోయియుంటిని. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. కుటుంబము తరతరములుగా ఆ నేలనే నమ్ముకొని యున్నది. ఆమె చదివిన నాలుగు తరగతులును తమిళము. సంతలో మాట కన్నడము. ఇంటి మాట తెలుగు. రావలసిన పింఛను రెండు నెలలుగా చేతి కందలేదు. మనుమడు తన ఫోనులో, మాటలాడినచో బదులు చెప్పు యంత్రమొకదానిని తెఱచి, "అవ్వా, నువ్వే అడుగు, దీనికి తెలుగు వస్తాది" అని ఆమె ముందు పెట్టెను. ఆమె గొంతు సవరించుకొని, "రెండు నెలలాయ, దుడ్లు ఇంగా రాలే" అనెను. దుడ్లనగా మా వైపు డబ్బులు. తెరమీద అక్షరములు వరుసగా వెలసినవి: "రెండు నెలలాయె, దూడలు ఇంకా రాలేదు." వెనువెంటనే పాడిపశువులను గూర్చిన సలహాలు బయలుదేఱినవి. ఇంటిల్లిపాదియు నవ్విరి, నేనును నవ్వితిని. ఆమె మాత్రము నవ్వక, "దీనికి తెలుగు నేర్పిచ్చినోళ్ళు ఎవురురా?" అని నన్నడిగెను.

ఆనాడు నేనేదో చెప్పి తప్పించుకొంటిని. ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. ఇచ్చినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు, పుచ్చుకొన్నందుకు మరల చేయవలసినదేమి యను ధర్మప్రశ్న అందులో దాగియున్నది.

నేర్పినవి వర్తక సంస్థలే యని చాలమంది తలంతురు. ఫోను వారిది, పేరు వారిది, ప్రకటనలు వారివి కదా! చరిత్ర వేఱొక రీతిగా చెప్పుచున్నది. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డిగారు మన చెన్నపట్టణపు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1966లో డాక్టరేటు ముగించి, పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి. రాజ్ రెడ్డి యను పేర లోకమంతయు వారి నెఱుగును. 1971లో అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థ మనుష్యుని మాటను గ్రహించు యంత్రముల కొఱకు ఐదేండ్ల పథకమొకటి పెట్టినది. పదపదమునకు ఆగక ధారగా పలికిన వాక్యములను, వేయి పదముల మేరకు, నూటికి పది తప్పులు మించకుండ గ్రహింపవలెనని నియమము. కార్నెగీ మెలన్‌లో 1976 నాటికి సిద్ధమైన 'హార్పీ' యను వ్యవస్థ 1,011 పదములతో ఆ నియమమును నెఱవేర్చినది. గెలిచినవారికి దక్కిన బహుమానమేమనగా, ఆ పథకమును ఆర్పా కొనసాగింపలేదు! హార్పీకి లోపములు లేకపోలేదు. దాని వ్యాకరణము బహు ఇఱుకు. బదులు చెప్పుటలో నెమ్మది. ఐనను, అనేక మార్గములలో ఆశ గొల్పు కొన్నింటినే వెంట నిలుపుకొని తక్కినవానిని విడిచి సాగు దాని వెదుకులాట పద్ధతి, తరువాత దశాబ్దములపాటు మాటలు గ్రహించు యంత్రములన్నిటిలో పనిచేసినది. రాజ్ రెడ్డిగారికి 1994లో, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌గారితో కలిపి, ట్యూరింగు పురస్కారము లభించినది.

ఇట్టి కథయే అంతకు ముందు యంత్రానువాదమునకును జరిగినది. 1954లో న్యూయార్కు నగరమున 250 పదములు, ఆఱు వ్యాకరణ సూత్రములు మాత్రమే యెఱిగిన యంత్రము రష్యను వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చి చూపగా, మూడు మొదలు ఐదేండ్లలో సమస్య తీఱిపోవునని సంబరపడిరి. 1966లో అమెరికా ప్రభుత్వము నియమించిన సంఘము, యంత్రము చేసిన పని మనుష్యుని పనికంటె మెల్లనిది, తప్పులతో కూడినది, ఖర్చు హెచ్చు అని నివేదించినది. అంతటితో డబ్బు ఎండిపోయినది. ఆ సంఘమువారు చెప్పినది అబద్ధము కాదు. వారి నివేదికను చదివినవారు, నేడు ఫలింపని చెట్టు రేపును ఫలింపదని తీర్మానించుకొనుటయే పొరపాటు.

డబ్బు ఎండినచోట ఒక కష్టము. డబ్బు పాఱినచోట మఱియొకటి. 2003లో అదే రక్షణ పరిశోధన సంస్థ డబ్బుతో ఎస్.ఆర్.ఐ. వారి నాయకత్వమున 'కాలో' యను మహా పథకము మొదలైనది. అందుండి పుట్టిన 'సిరి'ని 2010లో ఆపిల్ సంస్థ కొన్నది. 2011లో తన ఫోనులో పెట్టి అమ్మినది. ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు, దొంగతనమును లేదు. పన్ను కట్టిన పౌరుడు మాత్రము తాను విత్తుటకు ఖర్చిచ్చిన పంటను అంగడిలో మరల వెల పెట్టి కొనుక్కొన్నాడు.

మన దేశమునకు వత్తము. భారతీయ భాషలకు సాంకేతిక విజ్ఞానము సమకూర్చుటకై 1991లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ ఒక కార్యక్రమము నేర్పఱచినది. ఆ కాలపు ప్రయత్నములలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది 'అనుసారక'. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారల బృందము ఐఐటీ కాన్పూరులో మొదలుపెట్టి పిమ్మట హైదరాబాదునకు తెచ్చిన ఆ వ్యవస్థ, పాణినీయ కారక సిద్ధాంతమును ఆధారము చేసికొని తెలుగు, కన్నడము మొదలగు భాషలను హిందీ చదువరికి అందింపజూచెను. అందు వారెదుర్కొన్న చిక్కొకటి మన భాష సొగసును తెలుపును గనుక ఇక్కడ కొంచెము నిలుతును. 'రాముడు తిన్న పండు', 'రాముడు తిన్న పళ్ళెము', 'రాముడు తిన్న వేళ' అని మనమందుము. మూడింటను 'తిన్న' యను మాట యొక్కటే. పండు కర్మ, పళ్ళెము అధికరణము, వేళ కాలము. ఈ భేదమును తెలుగు మాటలో చెప్పదు. వినువాని లోకజ్ఞానమునకు విడిచిపెట్టును. హిందీ అట్లు విడువదు; దేనిని తిన్నాడో, దేనిలో తిన్నాడో, ఎప్పుడు తిన్నాడో విడమరచి తీఱవలెను. యంత్రమునకు లోకజ్ఞానము లేదు. అదేమి చేయవలెను?

ఊహించి యొకటి వ్రాయవచ్చును. వాక్యము నున్నగా నుండును, తప్పైనను చదువరి కనిపెట్టలేడు. అనుసారక కర్తలు ఆ దారి త్రొక్కలేదు. మూలములో లేనిదానిని యంత్రము తనంతట చేర్చరాదని నిశ్చయించి, సందిగ్ధమును గుర్తులతో అట్లే నిలిపి, తక్కిన శ్రమను చదువరి వివేకమునకు ఒప్పగించిరి. ఫలితము గరుకుగా నుండెడిది. ఆ గరుకుదనము సత్యమునకు చెల్లించిన వెల. తమ కృషిని ఎవరైనను గొని, చూచి, మార్చుకొనునట్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడిచిరి. ప్రజాధనముతో చేసిన విద్యకు ఇంతకంటె తగిన నడవడి నాకు తోచదు. 'దూడలు ఇంకా రాలేదు' అని నదురు బెదురు లేక వ్రాసిన నేటి యంత్రము, నున్నదనములో దానిని మించినది, వినయములో మించలేదు.

నేటి యంత్రములు సూత్రములచేత గాక, కోట్లకొలది వాక్యములను, వేలకొలది గంటల మాటలను విని నేర్చుకొనుచున్నవి. కావున ఇప్పుడు ప్రజలు రెండు విధముల ఇచ్చుచున్నారు: పన్ను రూపమున డబ్బు, స్వర రూపమున భాష. 2022 జూలైలో ఆరంభమైన 'భాషిణి' కార్యక్రమమున 'భాషాదాన' మను వేదిక కలదు; పౌరులు తమ గొంతును అందు దానము చేయవచ్చును. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము కృత్రిమ మేధ కొఱకు 10,300 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తమును అంగీకరించినది. ఖర్చు పెద్దదే, దాన మను మాట ఇంకను పెద్దది. దానము పట్టుట తేలికైన పని కాదని, తగిన నియమములు పాటింపనివానికి ప్రతిగ్రహము భారమగునని మన ధర్మశాస్త్రములు హెచ్చరించినవి. ఇక్కడ పట్టినవారికి నియమమేమి?

ఇచ్చినవాని మాటను ఆ యంత్రము గ్రహింపవలెననుట మొదటి నియమమని నా యభిప్రాయము. దీనికి లెక్కలు వేయువారు ఒక ఆక్షేపణ చెప్పుదురు: ఉన్న డబ్బు పరిమితము, ఎక్కువమందికి ఉపకరించు ప్రామాణిక భాషకు ముందు ఖర్చు చేయుట న్యాయము కాదా? వినుటకు సబబుగా నున్నది. కాని ఎక్కువమంది యున్నచోటికి వర్తకుడు తనంతట తానే పోవును. అంగడి అక్కడనే యున్నది గనుక. అతడు పోని చోటికి పోవుట కొఱకే కదా ప్రజాధనము! ఆ 'తక్కువమంది' యెంతయో చూతము. 2011 జనాభా లెక్కలలో తెలుగువారు తమిళనాట 42 లక్షలు, కర్ణాటకమున 35 లక్షలకు పైబడి, మహారాష్ట్రమున 13 లక్షలు. ఐరోపాలో ఇంతకంటె చిన్న రాజ్యములు లేకపోలేదు.

మంచి జరుగుచున్నచోట దానిని చెప్పకుండుట తప్పు. ఐఐటీ మద్రాసువారి 'ఏఐ ఫర్ భారత్' బృందము 2024లో వెలువరించిన 'ఇండిక్‌వాయిసెస్' సంగ్రహము 22 భాషలలో, 145 జిల్లాలలో, 16 వేలకు పైబడిన జనుల మాటలను కూడగట్టినది. అందు చదివించి పట్టినది పదవ వంతునకు లోపు. తక్కినదంతయు జనులు తమంతట మాటలాడినదే. ఈ భేదము చిన్నది కాదు. స్వరదాన వేదికలలో పెక్కింట తెరపై వాక్యము చూపి చదువుమందురు. చదువ నేర్చినవాడే అందు దాత కాగలడు. వాడును తన మాట గాక తెరమీది మాట నిచ్చును. ఎదురుగా కూర్చుండి, ఏమి వండితివి, వాన లెట్లున్నవి యని మాటలాడించి పట్టుకొన్నపుడే అసలు భాష దొరకును. దానికి కాలము కావలెను, మనుష్యులు కావలెను, డబ్బు కావలెను. తొందరపడు సర్కారులకు అది రుచింపదు. 1966లోను, 1976లోను జరిగినది మఱువరాదు.

రెండవ నియమము తెఱపిదనము. పొందిన విద్యను మూసిపెట్టక ముందునకు నడుపుటచేతనే ఋషి ఋణము తీఱునన్నారు. తెఱచి పెట్టినచో వర్తకులును కొనిపోయి లాభపడుదురే యని కొందఱు మిత్రులు శంకింతురు. లాభపడనిండు. తాళము వేసినచో బలవంతునికే తాళపుచెవి దొరకును. తెఱచినచో మన హొసూరు కుఱ్ఱవాడొకడు దానిని గైకొని 'దుడ్లు' నేర్పవచ్చును. కాని ఒక వ్యక్తి గొంతును అనుకరించి మోసము చేయుట నేడు సులభమైనది గనుక, ఇచ్చినవాని పేరు, ఊరు, ఆనవాలు బయటపడని కట్టుదిట్టము ఉండి తీఱవలెను. ఇక్కడ నాకు రాజీ లేదు.

ఇంతవఱకు సర్కారును, శాస్త్రజ్ఞులను అడిగితిని. మనలను మనము అడుగుకొనవలసినది మిగిలియున్నది. మన సమాజములు ఇన్నేండ్లుగా సంచికలు వెలువరించుచున్నవి. వానిలో హొసూరు తెలుగు, కోలారు తెలుగు, బరంపురము తెలుగు ఎన్ని పుటలకు ఎక్కినవి? ఎక్కిన కొన్నియు పరిహాస పాత్రల నోటనే గదా! ఇప్పుడు నేను వ్రాయుచున్న భాషయే మా పెద్దమ్మ మాటలాడు భాష కాదు. యంత్రము మన వ్రాతలను చదివి తెలుగు నేర్చినది. మనము వ్రాయని దానిని అది ఎఱుగక పోయినచో నేరము దానిది మాత్రమేనా? ఆనాడు నేను నవ్విన నవ్వులో ఆ నేరములో నా పాలు కలదు.

మొన్న వేసవిలో మరల ఆ యూరికి పోయితిని. స్వరదానపు వేదిక యొకటి ఫోనులో తెఱచి, "పెద్దమ్మా, నీ గొంతు ఇస్తావా?" అని యడిగితిని. ఆమెకు తెలుగు అక్షరములు రావు. తెరమీది వాక్యమును నేను చదివి వినిపింపగా ఆమె పలుకుటకు ఒప్పుకొన్నది. వాక్యము: "అతనికి డబ్బు ఇంకా అందలేదు." నేను చదివితిని. ఆమె తడుముకొనక, "వానికి దుడ్లు ఇంగా అందలే" అనెను. ఉన్నది ఉన్నట్లు చదువవలెనని నియమము. "అట్లు కాదు పెద్దమ్మా, డబ్బు అనాల" అంటిని. "అదే కదరా అంటి" అని ఆమె మరల పలికెను. మరల దుడ్లే. మూడవసారియు అంతే. పంపుటకు ఒక మీట, చెఱిపివేయుటకు ఒక మీట తెరమీద నున్నవి. చెఱుపుటకు నాకు చేయి రాలేదు; నియమము తప్పిన దానిని పంపుటకును మనసొప్పలేదు. ఫోనును జేబులో పెట్టుకొని, దుడ్లను గూర్చి, పింఛనును గూర్చి, ఆమె పుట్టింటి బావిని గూర్చి ఆమె చెప్పినదంతయు వేఱుగా ఒక గంటసేపు రికార్డు చేసికొంటిని. దానిని ఉన్నదున్నట్లు అక్షరములలో పెట్టు పని ఇప్పటికి సగమైనది.