ప్రయాణమునకు చాలిన ఆహారము



పరీక్షల కాలము వచ్చినప్పుడు మన సంఘములలో విద్యార్థుల కొరకు ప్రార్థనలు జరుగును. అది మంచిదే. అయితే ఆ విద్యార్థి ఉదయమున ఏమి తిని కాలేజీకి పోయెనని మనలో ఎందరము అడుగుచున్నాము? ప్రార్థించితిమి గదా అని ఆకలిని మరచుట మన ప్రభువు పద్ధతి కాదు. యాయీరు కుమార్తెను బ్రదికించిన వెంటనే, ఆమెకు తినుటకేమైనను పెట్టుడని ఆయన ఆజ్ఞాపించెను.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాను చూడుడి. కర్మెలు మీద గొప్ప కార్యము చేసిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూలబడి చావు కోరుకొనెను. దేవదూత వచ్చి ఆయనను గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పమును, నీళ్లను చూపి భోజనము చేయుమనెను. ఆయన తిని మరల నిద్రించెను. దూత రెండవ మారు లేపి, ముందున్న ప్రయాణము దూరమని చెప్పి మరల తినిపించెను. హోరేబులో నెమ్మదియైన స్వరము వినబడుటకు ముందు అప్పము, నీళ్లు, నిద్ర ఉండెను. ఈ వరుసను మనము గమనింపవలెను.

మన పిల్లల ప్రయాణము కూడ దూరమే. తెల్లవారక మునుపే బస్సు, పగలంతయు తరగతులు, రాత్రి చదువు. మెదడు మన శరీరపు బరువులో సుమారు 2 శాతమే గాని, మనము తిను ఆహారపు శక్తిలో ఇంచుమించు 20 శాతము తానే వాడుకొనును. ఒక గ్లాసు టీ, రెండు బిస్కట్లతో అది ఎట్లు నడచును? చదువు తలకెక్కుట లేదని ఏడ్చు బిడ్డకు కొన్నిసార్లు బుద్ధి కొరత కాదు, అన్నము కొరత.

ఆడపిల్లల విషయమై మరింత జాగ్రత్త కావలెను. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కొన్ని యిండ్లలో కుమారునికి ముందు వడ్డించి, కుమార్తెకు మిగిలినది పెట్టుదుము. ఒకే బల్లయొద్ద ప్రభువు విందులో పాలుపొందు మనము ఇంటి బల్లయొద్ద ఈ భేదము చూపవచ్చునా?

“తీరిక లేదు, డబ్బు లేదు” అందుము. దూత తెచ్చినది రాజభోజనము కాదు. రాత్రి తోడుపెట్టిన పెరుగన్నము, రాగి జావ, ఉడికించిన గ్రుడ్డు, గుప్పెడు వేరుశెనగపప్పు, ఒక అరటిపండు: వీటిలో ఏ రెండైనను చాలును. తోటకూర పప్పులో నిమ్మరసము పిండుకొన్నను, భోజనముతో జామకాయ తిన్నను, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. భోజనముతోపాటు టీ త్రాగిన యెడల అది తగ్గును. గనుక గంట ఆగి త్రాగుడి. ప్రొద్దుపోయిన తరువాత త్రాగిన టీ, కాఫీలు నిద్రను దోచుకొనును. నిద్ర లేని చదువు చిల్లికుండలో పోసిన నీరే.

దానియేలు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగెను గదా అని కొందరు తక్కువ తినుటయే భక్తి అనుకొందురు. దానియేలు మనస్సాక్షి కొరకు రాజు భోజనమును మానెను గాని అసలు భోజనమును మానలేదు. పరీక్షనాడు ఉపవాసముండి సొమ్మసిల్లుట దేవుడు కోరిన బలి కాదు. ఉపవాసమునకు వేరొక దినమున్నది.

తలిదండ్రులారా, మార్కులు అడుగుటకు ముందు “తింటివా?” అని అడుగుడి. సంఘస్థులారా, ఇల్లు విడిచి హాస్టలులో ఉన్న బిడ్డలు ఆరాధనకు వచ్చినప్పుడు, చేయి కలిపి పంపివేయక, ఆదివారపు భోజనమునకు ఒకరినైనను ఇంటికి పిలుచుకొని పోవుదము. దూతలు దిగివచ్చువరకు కనిపెట్టనక్కరలేదు. ఆ పని దేవుడు మన చేతుల కప్పగించియున్నాడు.

మన బిడ్డల ప్రయాణమునకు చాలిన బలమును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.