గడిచిన ఏళ్లు అర్హత అవుతాయా?

అమెరికాలో ఫిజిషియన్ అసిస్టెంట్ చదువు పుట్టిందే అనుభవం ఉన్నవాళ్ల కోసం. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టిన తొలి తరగతిలో చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారే. అయినా నలభై దాటాక ఈ కోర్సు ఇంటర్వ్యూకు సిద్ధమయ్యేవారికి ఒక సందేహం తప్పదు: గడిచిన ఏళ్లు వాటంతట అవే అర్హత అవుతాయా?

యువకులు గణితంలో ఆరితేరవచ్చు గానీ వ్యవహార వివేకం వాళ్లలో కనిపించదనీ, దానికి అనుభవం కావాలనీ అరిస్టాటిల్ అన్నాడు. పెద్ద వయసు అభ్యర్థికి ఈ మాట ధైర్యమిస్తుంది. కానీ అనుభవం లేనిదే వివేకం రాదన్నంత మాత్రాన, అనుభవం ఉన్న ప్రతివాడూ వివేకి అయిపోడు.

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు శిష్యుడిగా సనత్కుమారుడి దగ్గరకు వస్తాడు. నీకేం తెలుసో ముందు చెప్పు, ఆ పైది నేను చెబుతానంటాడు గురువు. ఒక విధంగా అదీ ఇంటర్వ్యూనే. వేదాలు, పురాణాలు, గణితం, నక్షత్రవిద్య అంటూ నారదుడు తన చదువంతా ఏకరువు పెడతాడు. ఇన్ని తెలిసినా ఆత్మ తెలియలేదు, శోకం తీరలేదంటాడు. తన చదువును దాచలేదు, దాన్ని చూపి మినహాయింపూ కోరలేదు. అదంతా పేరు మాత్రమేనని గురువు తేల్చేసినా చిన్నబుచ్చుకోకుండా, అంతకు పైది ఏమిటని అడుగుతూ పోయాడు. తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడి దగ్గర రోగిని పరీక్షించడం నేర్చుకోవలసిన వ్యక్తిలో ఎంపిక కమిటీ వెతికేది ఈ గుణాన్నే.

ఎక్కువ కాలం సేవ చేయగల యువతకే సీటు దక్కాలనే వాదన ఒకటుంది. ఫెడరల్ నిధులు పొందే విద్యాసంస్థల్లో వయోవివక్షను 1975 నాటి చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. నీతిపరంగా చూసినా ఆ వాదన బలహీనమే: ముప్ఫై ఏళ్లు పనిచేస్తానని పాతికేళ్లవాడు మాత్రం ఎలా హామీ ఇవ్వగలడు?

అసలు చిక్కు "ఇప్పుడే ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర వస్తుంది. బ్యాంకులోనో బడిలోనో గడిపిన ఏళ్లన్నీ వైద్యం వైపే నడిపించాయని కథ అల్లాలనిపిస్తుంది. జీవితం అంత వరసగా సాగదని కమిటీకీ తెలుసు. అప్పట్లో ఇంటి ఖర్చులకు జీతం కావలసి వచ్చిందని చెప్పడంలో తప్పేమీ లేదు. అబద్ధమాడకపోయినా, జరిగినదాన్ని కలిసొచ్చేలా పేర్చడం సత్యానికి దూరమే.

మరి సాధన చేసిన జవాబు నిజాయితీగా ఉంటుందా? మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న బహుళ లఘు ఇంటర్వ్యూ పద్ధతిని కొన్ని కోర్సులు వాడతాయి. అందులో తలుపు మీది సమస్యను రెండు నిమిషాల్లో చదువుకుని లోపలికి వెళ్లాలి. కంఠస్థం చేసిన వాక్యాలు అక్కడ పనికిరావు. జరిగిన సంఘటనలను, అప్పటి తప్పొప్పులతో సహా, ముందే నెమరేసుకోవడం మాత్రం నటన కాదు. అది ఆత్మపరిశీలన కిందికే వస్తుంది.