సింహంతో పొత్తు

లాభమంతా ఒకరికి, నష్టమంతా మరొకరికి అని ఇద్దరు ఇష్టపడే ఒప్పుకుంటే అది న్యాయమవుతుందా? క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ న్యాయశాస్త్రవేత్త కాసియస్ అలాంటి పొత్తు అసలు కుదరనే కుదరదన్నాడు. దాన్ని ‘లియోనీనా’, అంటే సింహపు పొత్తు, అనేవాడు. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన డైజెస్ట్ అనే న్యాయ సంకలనంలో, మరో రోమన్ న్యాయశాస్త్రవేత్త ఉల్పియన్ రాతల ద్వారా ఈ అభిప్రాయం మనకు మిగిలింది. ఆ పేరు గుర్తుచేసే కథ ఒకటుంది. రోమన్ కథకుడు ఫేడ్రస్ చెప్పిన ఆ నీతికథలో ఆవు, మేక, గొర్రె సింహంతో కలిసి వేటాడతాయి. దొరికిన దుప్పిని నాలుగు వాటాలు వేసి, మూడింటికి మూడు సాకులు చెప్పి, నాలుగోదాన్ని ముట్టుకుంటే ఊరుకోనని బెదిరించి సింహమే అంతా తీసుకుంటుంది. కథలో అన్యాయం పంపకాల దగ్గర, బలంతో జరుగుతుంది. కాసియస్ ఇంకో అడుగు ముందుకేశాడు. బెదిరింపు లేకపోయినా, వేటకు ముందే అందరూ తలూపినా, ఆ ఒప్పందం చెల్లదన్నాడు. సమ్మతి న్యాయానికి అవసరమే కానీ, అదొక్కటే చాలదన్నది ఇందులోని తాత్త్విక సారం.

రోమన్ చట్టంలో పొత్తు నిలిచేదే పరస్పర సమ్మతి మీద కదా, ఇష్టపడి నష్టపోయేవాణ్ణి ఆపడానికి చట్టమెవరు అని అడగవచ్చు. ఆ చట్టం ఔదార్యానికి అడ్డుపడలేదు. తన సొమ్మును ఊరికే ఇవ్వదలచినవాడు దానంగా ఇవ్వవచ్చు. దానం కోసమే పొత్తు కట్టడం మాత్రం చెల్లదని ఉల్పియనే అన్నాడు. పొత్తులో ఒక విధమైన సోదరత్వం ఉందన్నదీ ఆయనే. కలిమిలేములు రెండూ కలిసి అనుభవిస్తామన్న నమ్మకమే ఆ బంధానికి ప్రాణం. అది తీసేశాక మిగిలేది, కలిసి ఉన్నామన్న పేరుతో ఒకరి కష్టాన్ని మరొకరు వాడుకోవడం. ఇచ్చేవాడికి తాను ఇస్తున్నానని కూడా తెలియకుండా చేయడమే అందులోని మోసం.

అలాగని వాటాలన్నీ సమానంగా ఉండాలని రోమన్లు పట్టుబట్టలేదు. లాభంలో ఎక్కువ వాటా, నష్టంలో తక్కువ వాటా తీసుకోవడం పొత్తు స్వభావానికే విరుద్ధమని న్యాయశాస్త్రవేత్త క్వింటస్ మ్యూసియస్ వాదించినా, చివరికి దాన్ని ఒప్పుకున్న మరో న్యాయశాస్త్రవేత్త సర్వియస్ సల్పిసియస్ పక్షమే నెగ్గింది. ఒకరి శ్రమ విలువ ఆ నష్టానికి సాటి వచ్చేదైతే, నష్టంలో పాలు లేకుండా లాభం పంచుకోవచ్చని కాసియస్ కూడా ఒప్పుకున్నాడు. అంటే ఆయన అడిగింది లెక్కల సమానత్వం కాదు, ఎవరు ఏం పెట్టి ఏం పొందుతున్నారన్న పొంతన.

మరి నూటికి ఒక్క వంతు విదిల్చి చట్టాన్ని తప్పించుకుంటే? ఈ ఆక్షేపణ బలమైనదే. చట్టం అట్టడుగు హద్దు గీయగలదు గానీ, దానిపైన జరిగే ప్రతి దోపిడీనీ పట్టుకోలేదు. అయినా ఆ హద్దు వృథా కాదు. ఫ్రాన్సు, ఇటలీ పౌరస్మృతులు నేటికీ దాన్ని పాటిస్తున్నాయి. ఫ్రాన్సులో సంస్థ నిలుస్తుంది, అలాంటి షరతు మాత్రం రాయనట్టే లెక్క. హద్దుకు పైనున్నదంతా మనస్సాక్షి బాధ్యత. సంతకం పడిందన్న ఒక్క కారణంతో ఏ పొత్తునూ న్యాయమనకూడదు. వచ్చినప్పుడు ఎవరికొస్తుంది, పోయినప్పుడు ఎవరికి పోతుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు విన్నాకే ఆ మాట అనాలి.