పొదుగని పెట్ట

గడచిన కోతపండుగనాడు కానుకల వేలములో ఒక అవ్వ తెల్లని ఫారము పెట్టను కొనెను. నాటు పుంజు ఆమె దొడ్డిలో ముందే యున్నది. పది గుడ్లు చేరగానే గంపలో గడ్డి పరచి పెట్టను కూర్చుండబెట్టెను. అది కూర్చుండలేదు, లేచి గింజలకు పోయెను. మూడు దినములు చూచి ఆమె మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇదేమి కోడండీ, దీనికి పిల్లలు అక్కరలేదా?" అని అడిగెను. మేము నవ్వితిమి గాని ఆ మాట మమ్మును విడువలేదు. యెరూషలేమును చూచి దుఃఖించిన మన ప్రభువు (మత్తయి 23:37) తన ప్రేమకు పోలికగా తీసికొనినది పిల్లలను రెక్కలక్రింద చేర్చుకొను కోడినే గదా! ఆ గుణము ఈ పెట్టలో ఏమాయెను?

మనుష్యులు దానిని తీసివేసిరి. పొదుగుటకు కూర్చున్న పెట్ట ఆ మూడు వారములును, పిల్లలను త్రిప్పు దినములలోను గుడ్డు పెట్టదు. గుడ్లు అమ్మువానికి అది నష్టము. కనుక కూర్చుండని పెట్టల గుడ్లనే ఏరి, తరము వెంబడి తరము యంత్రములలో పొదిగించుచు వచ్చిరి. ఇటలీలోని లివోర్నో రేవు పేరు మోయుచున్న తెల్ల లెగ్‌హారను ఇట్టివాటిలో పేరుపొందినది. అడవిపెట్ట ఏటికి పది పదునైదు గుడ్లు పెట్టును. ఫారము పెట్ట సుమారు 300 పెట్టును.

ఆ అడవికోడియే వీటన్నిటికి మూలమని డార్విను అను శాస్త్రజ్ఞుడు 1868లో వ్రాసెను. తరువాతి పరిశోధన దానిని చాలవరకు స్థిరపరచినది. అయితే పెక్కు జాతుల పచ్చని చర్మము మాత్రము మన దక్షిణదేశపు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదని 2008లో తేలినది. నిశ్చయముగా పెంపుడు కోళ్లవని చెప్పదగిన మిక్కిలి పాత యెముకలు థాయిలాండులో, బాన్ నాన్ వాట్ అను చోట దొరికినవి. అవి సుమారు మూడువేల అయిదువందల యేండ్లనాటివి. వరి, చిరుధాన్యముల చేలయొద్దకు గింజలకొరకు వచ్చిన పక్షి మెల్లగా యింటిదైనదని పండితుల అభిప్రాయము.

ఆ యొక్క పక్షినుండి ఎన్ని రూపములు! మలేషియాలోని సెరామా అరకిలోకు మించదు. జపానులో ఒక జాతి పుంజు తోక కొన్ని మీటర్ల పొడవు పెరుగును. చైనాలో పట్టువంటి యీకలును, నల్లని చర్మమును, అయిదు వ్రేళ్లును గల కోడి కలదు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడికి మాంసముకూడ నలుపే. మనుష్యుడు వీటిని పుట్టించినవాడు కాడు. దానంతట పుట్టిన మార్పును పట్టుకొని నిలిపినవాడు. యాకోబు లాబాను మందలో చేసినది ఇట్టిదే (ఆది. 30), ఏరుకొనుట అంతయు పాపమని మేము చెప్పము.

కాని ఆ యేరుకొనుటకు వెల ఎవరు చెల్లించిరి? జపానులో చాబో అను పొట్టికాళ్ల కోడి కలదు. చూచుటకు ముచ్చటగా నుండును. పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టను జతపరచినయెడల, నాలుగు పిండములలో ఒకటి గుడ్డులోనే చచ్చును. ఆ ముచ్చట మనది, చావు దానిది. గుడ్ల జాతులలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసమునకు చాలదు. గనుక పుట్టిన దినముననే కోట్లకొలది పిల్లలను చంపుచున్నారు. జర్మనీ దేశము 2022లో దీనిని నిషేధించెను.

బ్రాయిలరు సంగతి మరియు కఠినము. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 1957 నాటి కోళ్ల వంశమును, 2005 నాటి దానిని ఒకే మేతతో పెంచి, 2014లో ఆ ఫలితము ప్రకటించిరి. 56 దినములకు పాతది 900 గ్రాములు, క్రొత్తది 4,200 గ్రాములు తూగినది. మాంసము అట్లు పెరిగినది గాని కాళ్లు దానిని మోయలేక కుంటు కోళ్లు పెక్కు. వాటి తల్లిదండ్రులకైతే కడుపునిండ మేత పెట్టరు; పెట్టినయెడల క్రొవ్వెక్కి, గుడ్లు తగ్గి, రోగముపాలగును. పాడియావు ఆకలిగొని యుండగా అన్నము తినలేని రైతులు మన సంఘములలో నున్నారు. ఆకలియే దినచర్యయైన పక్షినిగూర్చి వారు ఏమందురో!

ఇది దూరదేశముల సంగతి మాత్రము కాదు. మన గోదావరి, కృష్ణా తీరములలో అసీలు పుంజును మెడకొరకు, కండకొరకు, పగకొరకు ఏరి పెంచిరి. జంతువులను పోరాటమునకు పురికొల్పుట 1960 నాటి చట్టప్రకారము నేరము. అయినను సంక్రాంతికి కత్తి కట్టుచునే యున్నారు. ఆ బరిచుట్టు మన సంఘస్థులెవరును నిలువరని మేము చెప్పజాలము.

ఇక్కడ ఒక మాట న్యాయముగా ఒప్పుకొనవలెను. గుడ్డు చవకయైనందుననే బడిలో బీదపిల్లవాని కంచములోనికి వచ్చినది. క్రిస్మసు విందుకు మనము వండునదియు బ్రాయిలరే, మేమును తింటిమి. దేవుడు నరునికి పక్షులమీద ఏలుబడి నిచ్చినమాట నిజము (ఆది. 1:28). అయితే తోటను సేద్యపరచుటతోకూడ కాచుటయు ఆయన వానికి అప్పగించెను (ఆది. 2:15). నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడని సామెతలు 12:10 మనకు నేర్పుచున్నది. రంగు మార్చుట, ఈకలు మార్చుట, గుడ్లు పెంచుటకూడ మాకు అభ్యంతరము కాదు. నడువలేని కాళ్లు, నిండకూడని కడుపు, పుట్టిన దినముననే చావు – ఇవి ఏలుబడి అని మేము ఒప్పుకొనలేము. కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువ ఇచ్చి, నెమ్మదిగా పెరిగిన కోడిని కొనగలవారు మనలో కొందరున్నారు. వారు ఈ మాట తమకని తీసికొందురు గాక.

ఆ అవ్వ మాత్రము మా జవాబుకొరకు కాచుకొని యుండలేదు. పొరుగింటి నాటుపెట్టను అడిగి తెచ్చి, ఆ పది గుడ్లను దానిక్రింద పెట్టెను. ఇరువదియొకటవ దినమున ఏడు పిల్లలు లేచినవి. మేము చూడబోయినప్పుడు గ్రద్ద నీడ పడగా, ఏడును ఆ పరాయితల్లి రెక్కలలోనికి దూరినవి. తెల్లపెట్ట కొంచెము దూరమున గింజలు ఏరుకొనుచుండెను.